వెండికి ఏది మైల?

పూజగదిలో వెండి రూపాయి నల్లబడితే మైలపడినట్టేనా? శ్రావణమాసం దగ్గరపడేసరికి మా వీధిలో ఎవరో ఒకరు ఈ మాట నా దగ్గర ఎత్తుతారు. వాళ్లు అడిగేది ఇలా కాదు. "వదినగారూ, వరలక్ష్మీ వ్రతానికి రూపాయలు తెల్లగా రావాలంటే దేంతో తోమాలి?" అంటారు. తోమాలా వద్దా అన్న సందేహమే వాళ్లకు లేదు. నాకు మాత్రం అసలు ప్రశ్న అదే. శుద్ధి అంటే ఏమిటి, దేన్ని తీసేస్తే శుద్ధి అవుతుంది, దేన్ని తీసేస్తే ఆ వస్తువే పోతుంది? ఇది నాణేలతో ఆగే ప్రశ్న కాదు.

నేను గుంటూరులో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటరు చూసి రిటైరయ్యాను. పాత వెండి రూపాయల మీద ఇష్టం పుట్టింటి నుంచి వచ్చింది. కలశంలో వేసే రూపాయలు, పెళ్లిళ్లలో ఇచ్చినవి, కొక్కెం అతికించి మెడలో వేసుకున్నవి, ఇలా మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్న విక్టోరియా రాణి రూపాయలు, ఎడ్వర్డ్ బోడితల రూపాయలు, ఐదో జార్జి రూపాయలు నా చేతిమీదుగా చాలా వెళ్లాయి. ధర చెప్పమని తెస్తారు. నేను ధర కంటే ముందు ముఖం చూస్తాను.

ఒకసారి పక్కింటావిడ వాళ్ల అత్తగారి పెట్టెలో దొరికిన రెండు రూపాయలు తెచ్చింది. రెండూ 1862 నాటివే. ఒక గుడ్డసంచిలో కలిసి ఉన్నవే. ఒకటి ఆవిడ అప్పటికే చింతపండుతో, పళ్లపొడితో తోమేసింది. రెండోది ఇంకా తోమలేదు. రెండింటినీ బల్ల మీద పెట్టి "ఏది బాగుందండీ?" అంది. అడిగిందే గానీ వేలు అప్పుడే తెల్లదాని మీద పెట్టేసింది.

నేను రెండింటినీ అంచు పట్టుకుని, ఒకే దీపం కింద, కొంచెం వాల్చి తిప్పి చూపించాను. నల్లగా ఉన్నదానిలో రాణిగారి చెంప కొద్దిగా నున్నబడింది. కిరీటం మీది రత్నాల్లో ఎత్తుగా ఉన్నవి చదునయ్యాయి. భుజం మీద గౌను పూలపని మాత్రం చాలావరకు నిలిచే ఉంది. అక్షరాల చుట్టూ, పూలదండ ఆకుల మధ్య, వేళ్లు చేరని లోతుల్లో ముద్ర వేసిన నాటి తళుకు ఇంకా కాస్త మిగిలి ఉంది. నాణెం తిప్పుతుంటే ఆ తళుకు కదులుతోంది. అచ్చుల మధ్య నలిగినప్పుడు వెండి మధ్య నుంచి అంచు వైపు పాకుతుంది. ఆ పాకిన సన్నటి జాడల మీద వెలుగు పడి చక్రపుటాకుల్లా తిరుగుతుంది. కొత్త నాణేనికీ వాడిన నాణేనికీ తేడా మొదట తెలిసేది అక్కడే. ఎత్తైన చోట్ల ఆ జాడలు చెరిగి, పని మాత్రం స్పష్టంగా ఉంటే సేకరించేవాళ్లు ‘వెరీ ఫైన్’ అంటారు. ఇంకాస్త తక్కువ అరిగితే ‘ఎక్స్‌ట్రా ఫైన్’. ఆవిడ తోమని రూపాయి ఈ రెండింటికీ మధ్యన ఉంది.

తోమిన రూపాయి దూరం నుంచి కొత్తగా ఉంది. దీపం కిందకి తెస్తే దానిమీద వెలుగు తిరగడం లేదు. ఎటు వాల్చినా ఒకే తెలుపు, అద్దం మీద సున్నం పూసినట్టు. ఖాళీ జాగా అంతటా సన్నటి గీతలు వేలు తిరిగిన దారినే గుండ్రంగా పోతున్నాయి. అవి రాణిగారి మెడ మీదుగా, చెంప మీదుగా కూడా దాటాయి. వాడకంలో పడిన గీత ఒక్కోటి ఒక్కో దిక్కున ఉంటుంది. తోముడు గీతలు అన్నీ ఒకే వైపు నడుస్తాయి. అక్షరాల మొదళ్లలో మాత్రం నల్లటి మట్టి అలాగే ఉండిపోయింది. అంటే పోవలసిన మట్టి పోలేదు, ఉండవలసిన వెండి పోయింది. విదేశాల్లో నాణేలను పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెల్లో బిగించి ఇచ్చే పి.సి.జి.ఎస్., ఎన్.జి.సి. లాంటి సంస్థలు ఇలాంటివాటికి అంకె గ్రేడు ఇవ్వవు. ‘డీటెయిల్స్’ అని రాసి, శుభ్రం చేశారన్న కారణం పక్కన చేరుస్తాయి.

ఆ నలుపు సంగతి కూడా చెప్పాలి. గాలిలో ఉండే గంధకపు వాయువు వెండితో కలిసి పైన ఒక పలచటి పొర కడుతుంది. అది మరీ పలచగా ఉన్నప్పుడు తేనెరంగు. చిక్కబడే కొద్దీ ఎర్రగా, ఊదాగా, నీలంగా మారుతుంది. చివరికి నలుపు. ఈ రంగులన్నీ పైనుంచి పూసినవి కావు. పొర మందాన్ని బట్టి వెలుగు విరిగి కనిపించేవి. చెక్కపెట్టెలో కాగితం పొట్లంలో ఉన్న రూపాయికి ఒక రంగు వస్తుంది, రబ్బరు బ్యాండు చుట్టి దాచినదానికి ఒక చార పడుతుంది. రబ్బరులో గంధకం ఉంటుంది. కాబట్టి నలుపు బయట నుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు, ఆ వెండే గాలితో కలిసి అలా మారింది. దాన్ని గీకితే వెండిని గీకినట్టే.

మన వేదాంతంలో వెండి పేరు మరోలా వినిపిస్తుంది. ఒకదాని మీద ఇంకొకటి ఆరోపించుకోవడాన్ని శంకరాచార్యులు అధ్యాస అన్నారు. దానికి ఆయన చెప్పిన ఉదాహరణల్లో ముత్యపుచిప్ప వెండిలా తోచడం ఒకటి. తోమిన రూపాయి దగ్గర జరిగేదీ అలాంటి భ్రమే. కాకపోతే ఇక్కడ వెండి నిజంగా వెండే. దానిమీద ఆరోపితమైంది కొత్తదనం. లేని కొత్తదనాన్ని చూసి మనసు మురుస్తుంది. దీపం కింద వాల్చి చూసిన మరుక్షణం ఆ కొత్తదనం మాయమవుతుంది. అది తొలగడానికి ఏ క్రియా అక్కరలేదు, చూపు చాలు. శంకరులు జ్ఞానం గురించి చెప్పిందీ అదే కదా.

ఇక ఆ చూపు సంగతి. నాణెం చూసే చూపును జ్ఞానానికే కొలతగా పెట్టినవాడు బుద్ధఘోషుడు. క్రీస్తు శకం 5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో కూర్చుని ‘విసుద్ధిమగ్గ’ రాశాడు. ఆయన మన తెలుగు నేలకు చెందినవాడేనని వాదించిన పండితులున్నారు. ఆ గ్రంథంలో సంజ్ఞకు, విజ్ఞానానికి, ప్రజ్ఞకు తేడా చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన షరాబు బల్ల మీద నాణేల కుప్ప పోయించాడు. ముగ్గుర్ని తెచ్చి చూడమన్నాడు. ఊహ తెలియని పసివాడు చూస్తాడు. వాడికి కనిపించేవి బొమ్మలు, ఆకారాలు, ఇది గుండ్రం, ఇది పలకలు, అంతే. పల్లెటూరివాడు చూస్తాడు. వాడికి అవీ తెలుసు, ఇవి మనుషులకు అక్కరకు వచ్చే విలువైన వస్తువులన్న సంగతీ తెలుసు. షరాబు చూస్తాడు. అతనికి ఇవన్నీ తెలుసు, ఇంకా ఇది మంచిది, ఇది దొంగది, ఇది సగం పాలు మాత్రమే అనీ తెలుసు. అతను కంటితో చూసి, మోగించి విని, వాసన చూసి, రుచి చూసి, చేత్తో తూచి చెబుతాడు. ఏ ఊళ్లో, ఏ పట్టణంలో, ఏ కొండ దగ్గర, ఏ నది ఒడ్డున, ఏ ఆచార్యుడు చేశాడో కూడా చెప్పగలడు. ఆ షరాబుకు ఉన్నది ప్రజ్ఞ అంటాడు బుద్ధఘోషుడు.

ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. కౌంటరు వెనక కూర్చుని మేం చేసిన పనిని అంత ఎత్తున నిలబెట్టినవాళ్లు మరొకరు నాకు కనబడలేదు. ఆయన చెప్పినది ఉపమానం కోసం అల్లిన అతిశయోక్తి కూడా కాదు. ఆ 1862 రూపాయలనే తీసుకోండి. 1862 తర్వాత చాలా ఏళ్లపాటు రూపాయల మీద అదే సంవత్సరం వేస్తూ పోయారు. బొంబాయి టంకశాలలో చిన్న చిన్న చుక్కలు పెట్టి అసలు సంవత్సరాన్ని గుర్తుపెట్టుకున్నారని నాణేల పరిశోధకులు తేల్చారు. ఆ చుక్కల్ని చదివినవాడు ఏ టంకశాలదో, సుమారు ఏ ఏడాదిదో చెబుతాడు. పళ్లపొడితో గట్టిగా తోమితే మొదట మాసిపోయేవి అలాంటి చిన్న చుక్కలే. షరాబు చదవవలసిన అక్షరాన్ని పసివాడికి కనిపించే మెరుపు కోసం చెరిపేస్తున్నాం. ఆ గ్రంథానికి ఆయన పెట్టిన పేరు శుద్ధికి దారి అన్న అర్థమిచ్చేది. శుద్ధికి దారి చూపే పుస్తకంలోని ఈ నాణేల ఉపమానంలో తోముడు రాలేదు, పరీక్ష వచ్చింది. నేను దీన్ని కాకతాళీయం అనుకోను.

ఇక్కడ నన్ను ఎదిరించేవాళ్లున్నారు, వాళ్ల మాటలో బలం ఉంది. "మేమేమన్నా అమ్ముకోవడానికి దాచుకున్నామా? అది అమ్మవారి సొమ్ము. ఏడాదికోసారి చేతులారా తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి కలశం ముందు పెట్టుకుంటాం. ఆ తోమడమే సేవ" అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేను. ఇత్తడి కుందులు తోముతుంటే మనసు కుదుటపడడం నాకూ తెలుసు. కానీ సేవ చెయ్యాలంటే ఎవరికి చేస్తున్నామో వాళ్ల ఒంటికి ఏది పడుతుందో తెలియాలి. మన శాస్త్రాలు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తగా ఉన్నాయి. మనుస్మృతి ఐదో అధ్యాయంలో ద్రవ్యశుద్ధి చెప్పిన చోట రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం వీటికి తగినట్టుగా క్షారం, పులుపు, నీళ్లు వాడమని ఉంది. చింతపండు ఆ వరసలోకి వస్తుంది. వెండి ఆ వరసలో లేదు. మకిలి అంటని బంగారు పాత్రకు, నగిషీ లేని వెండికి నీళ్లు చాలన్నాడు. నాణెం మీద బొమ్మ ఉంది కదా, అది నగిషీ కాదా అని అడగవచ్చు. దానికీ జవాబు ఆ పక్కనే ఉంది. బంగారమూ వెండీ నీరు, నిప్పుల కలయికలో పుట్టాయి, తమ పుట్టుక దేనిలో ఉందో దానితోనే అవి శుద్ధి కావడం మేలు అన్నాడు. ఎలా చూసినా పులుపు ప్రస్తావన రాలేదు.

మనుస్మృతిలో మనుషుల శుచి గురించి రాసినవాటిలో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయి, ఆ మాట దాచను. లోహాల విషయంలో మాత్రం ఆ రాసినవాడు లోహాన్ని చూసి రాశాడు. 1835 నుంచి వచ్చిన కంపెనీ రూపాయి, తర్వాతి రాణి రూపాయి 11.66 గ్రాముల బరువు. అందులో పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు రాగి. పులుపు పడగానే ముందు ఆ రాగిని పట్టుకుంటుంది. ఈమధ్య కొందరు అల్యూమినియం ఫాయిల్ మీద వంటసోడా వేసి వేడినీళ్లు పోస్తున్నారు. గీతలు పడవు గానీ, కట్టిన పొర విరిగిపోయి నాణెం జీవం లేని తెలుపుకు దిగుతుంది. తిరుమలలో వెండితో చేసిన భోగ శ్రీనివాసమూర్తికి రోజూ అభిషేకం జరుగుతుంది. అభిషేకానికీ తోమడానికీ ఉన్న దూరం ఇళ్లలో మనం మరిచిపోయాం.

నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం వేరే ఉంది. నలుపును మైల అనుకోవడం వెనక చెయ్యిని మైల అనుకోవడం ఉంది. "ఎవరెవరి చేతులు పడ్డాయో ఏమో" అని తోమేవాళ్లను చూశాను. మన ఊళ్లలో కూలి డబ్బులు తగలకుండా పైనుంచి దోసిట్లో వదిలిన చేతులున్నాయి. వాడ నుంచి వచ్చిన రూపాయి మీద నీళ్లు చల్లి పుచ్చుకున్న చేతులూ ఉన్నాయి. నీళ్లు చల్లినా రూపాయిని వద్దన్నవాడు మాత్రం లేడు. దొర పెట్టెలోకి వెళ్లిన రూపాయి అంతకుముందు ఎవరి కొంగున ముడిపడి ఉందో దాని చెంప మీది నునుపే చెబుతుంది. ఆ నునుపు కల్లం దగ్గర, సంతలో, శిస్తు కట్టే చోట, పెళ్లి పందిట్లో లెక్కలేనంతమంది వేళ్లు కలిసి చేసిన పని. అందులో ఎవరి వేలి పాలు ఎంతో విడదీసి చెప్పగల మొనగాడు లేడు. అది మైల అయితే ఈ దేశంలో మైల కానిది ఏదీ లేదు.

నాణేలు సేకరించే మిత్రులతోనూ నాకు ఇక్కడే పేచీ. వాళ్లు తోమరు, ఆ విషయంలో నేను వాళ్ల పక్షమే. కానీ వాళ్లు మరో మడి కట్టుకున్నారు. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ వాళ్ల దేశపు పాత రాగి సెంట్ల ధర కట్టడానికి 1 నుంచి 70 వరకు ఒక కొలత పెట్టాడు. ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల దానినే వాడుతున్నారు. 60, ఆపైన అయితే వాడకంలోకి రాని నాణెం. 70 అంటే లోపమే కనబడనిది. ఆ అంకె పైకి వెళ్లే కొద్దీ ధర ఎగబాకుతుంది. అరుదైనది కాబట్టి ధర ఉండడం న్యాయమే. కానీ ధరతో పాటు ఒక పూజ్యభావం కూడా పెరుగుతోంది. చెయ్యి తగలనిదే పవిత్రం అన్న పాత మాట కొత్త ప్లాస్టిక్ పెట్టెలో తిరిగి వచ్చింది. ఖజానా సంచిలో నిద్రపోయిన రూపాయి అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. దాని తళుకు చూస్తే నాకూ కన్ను చెదురుతుంది. అది రూపాయిగా చెయ్యవలసిన పని మాత్రం ఏదీ చెయ్యలేదు. ‘ఫైన్’ గ్రేడు రూపాయి చేసింది. గ్రేడు అనేది ఎంత మిగిలిందో చెప్పే కొలత. ఎంత గొప్పదో చెప్పే కొలతగా దాన్ని వాడుతున్నాం.

అరగడం వేరు, చెడగొట్టడం వేరు అన్న వివేకం రూపాయి ముద్రించిన ప్రభుత్వానికి కూడా ఉండేది. 1906 నాణేల చట్టం ప్రకారం రూపాయి నూటికి రెండు వంతుల బరువు దాకా తగ్గినా చెల్లేది. అంచు గీకి వెండి దొంగిలించినది చెల్లేది కాదు. రెండు రూపాయలూ బరువు తగ్గినవే. ఒకటి నలుగురికీ ఉపయోగపడి తగ్గింది, ఇంకొకటి ఒకడి ఆశకు తగ్గింది.

అరుగుదలను అక్షరంలా చదివిన మనిషి మరొకాయన ఉన్నాడు, గణిత శాస్త్రవేత్త డి.డి. కోశాంబి. తక్షశిలలో దొరికిన వెండి విద్ధాంక నాణేలను, అంటే విడివిడి ముద్రలు కొట్టిన పాత నాణేలను, ఒక్కొక్కటీ తూచాడు. నాణెం ఎన్నాళ్లు తిరిగితే అంత బరువు తగ్గుతుందన్న లెక్క పట్టుకుని, వాటిలో ఏది ముందుది ఏది వెనకది అన్న వరస కట్టాడు. రాజుల పేర్లు లేని నాణేలవి. మీద ఉన్నవి సూర్యుడు, కొండ, చెట్టు లాంటి ముద్రలే. వాటి కాలం చెప్పింది వాటి మీది బొమ్మ ఒక్కటే కాదు, వాటిని పట్టుకున్న చేతులు కూడా. మన అమరావతిలోనూ అలాంటి వెండి నాణేల నిధి ఒకటి దొరికింది, పరమేశ్వరీలాల్ గుప్తా దానిమీద పుస్తకం రాశారు. ఆ నాణేలను ఎవరో ఇంటికి తీసుకెళ్లి మొదటే పులుపులో వేసి మెరిపించి ఉంటే ఎంత చరిత్ర ఆ నీళ్లతో పోయేదో ఊహించుకోండి.

అప్పుడు పక్కింటావిడకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఈ శ్రావణంలో వెండి రూపాయలు బయటికి తీసినప్పుడు చింతపండు, పళ్లపొడి, విభూతి, వంటసోడా దూరంగా పెట్టండి. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక గాజు గిన్నెలో పోసి రూపాయల్ని కాసేపు ఉంచండి. రుద్దకుండా తీసి, మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి అద్దండి. ప్లాస్టిక్ కవర్లలో దాచినవాటికి పచ్చటి జిగురు పట్టి ఉంటే అసలైన అసిటోన్‌లో ముంచితే పోతుంది, వెండికి హాని లేదు. గోళ్లరంగు తీసే ద్రవం మాత్రం వాడకండి. పసుపూ బొట్టూ రూపాయి మీద కాకుండా దాని కింద పరిచిన తమలపాకు మీద పెట్టండి. అమ్మవారికి అభ్యంతరం ఉండదు. పూజ అయ్యాక అంచు పట్టుకుని తీసి, పూర్తిగా ఆరాక విడివిడిగా దాచండి, రబ్బరు బ్యాండు వెయ్యకండి. ఇప్పటికే తోమినవి ఉంటే బెంగపడకండి, మెరుగు పెట్టించడానికి మళ్లీ కంసాలికి ఇవ్వకండి. గాలి తగిలేలా వదిలేస్తే వాటికి రంగు నెమ్మదిగా తిరిగి వస్తుంది, గీతలు మాత్రం పోవు.